మన మిల్లులు – మన కుర్రవాళ్ళు: పని నేర్చిన తరాల చరిత్ర



ప్రతి ఏడాది పదవ తరగతి ఫలితాలు వచ్చిన వారం పది రోజులకు మా బడి వరండాలో ఒక దృశ్యం తప్పక కనబడుతుంది. కొడుకును వెంటబెట్టుకొని తండ్రి వస్తాడు. "మాస్టర్ సాబ్, వీణ్ణి ఇంక దేంట్ల వెయ్యమంటరు?" అని అడుగుతాడు. మేము ఇంటర్ అంటాము, ఐ.టి.ఐ. అంటాము, పాలిటెక్నిక్ అంటాము. తండ్రి అన్నింటికీ తల ఊపుతాడు. రెండు నెలలు తిరిగేసరికి ఆ పిల్లవాడు ఏ మెకానిక్ షెడ్డులోనో, ఏ లారీ మీదనో, ఏ రైసుమిల్లులోనో కనబడతాడు. "ఏం చేస్తున్నావురా?" అంటే "పని నేర్చుకుంటున్న సార్" అంటాడు.

ఆ మాటే ఈ వ్యాసానికి మూలం. పని నేర్చుకోవడం తప్పు కాదు, చిన్నతనం అంతకన్నా కాదు. కాని ఎవరి దగ్గర నేర్చుకుంటున్నాడు? ఎంతకాలం నేర్చుకోవాలి? నేర్చిన తరువాత వాడి చేతిలో ఏం మిగులుతుంది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు మన కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేట ప్రాంతపు మిల్లుల చరిత్రలోనే ఉన్నదని మాకు తోచింది. మేము చరిత్ర పండితులము కాము, ఉర్దూ మీడియం పంతుళ్ళము. చదివినది, పెద్దల నోట విన్నది, కళ్ళతో చూసినది కలిపి ఈ సావనీర్ పాఠకుల ముందు పెడుతున్నాము.

రోలు రోకలి నాటి చదువు

ధాన్యాన్ని బియ్యం చేసే విద్యలో మొదటి గురువులు మన ఇళ్ళలోని ఆడవాళ్ళే. మా దాదీ చెప్పేది: తెల్లవారుజామున ఇద్దరు ఎదురెదురుగా నిలబడి రోకళ్ళు వేస్తుంటే ఒకరి దెబ్బ ఒకరికి తగలకుండా లయ కుదరడానికే ఏడాది పట్టేదట. దంచడం ఒక ఎత్తు, చెరగడం మరొక ఎత్తు. చాటలో ఊక ఒకవైపు, నూక ఒకవైపు, గింజ ఒకవైపు విడిపోవాలి. తల్లి వద్ద కూతురు, అత్త వద్ద కోడలు ఆ విద్య నేర్చేవారు. దానికి ఎవరూ జీతం కట్టలేదు, ఎవరూ పేరూ పెట్టలేదు. పేరు లేని విద్య పోయినప్పుడు పోయిందని కూడా ఎవరికీ తెలియదు. హల్లర్ మిల్లు ఊరికి వచ్చిన నాడు రోకలి గోడకు చేరింది. కూలికి దంచి బతికే ఆడవాళ్ళకు ఆ పూట గంజి కూడా దూరమైంది.

ఈ హల్లర్ అన్నది 19వ శతాబ్దం చివరి భాగంలో బ్రెజిల్ దేశానికి చెందిన ఎంగెల్‌బర్గ్ అనే ఆయన పేరు మీద లోకమంతా వ్యాపించిన యంత్రం. ఇనుప గొట్టంలో గాడులు తీసిన రోలరు తిరుగుతుంది. పొట్టు తీయడం, పాలిష్ పట్టడం రెండూ అక్కడే జరుగుతాయి. చౌక యంత్రం, ఒక చిన్న ఆయిల్ ఇంజను ఉంటే చాలు. అయితే నూకలెక్కువ, ఊక తవుడు కలిసిపోతాయి. అందువలన హల్లర్ నడిపేవాడి చేతివాటం మీదే బియ్యం మంచిచెడ్డలు ఆధారపడేవి. మిల్లు నడిపే అతణ్ణి మన వైపు "డ్రైవరు" అంటారు. బండి లేని ఈ డ్రైవరే మన ప్రాంతపు ఆహార పరిశ్రమలో మొదటి కారీగరు.

హద్దుకు ఇటు, హద్దుకు అటు

1948 సెప్టెంబరు 17 వరకు కోదాడ నిజాం రాజ్యంలోనిది. తూర్పున కొద్ది మైళ్ళు పోతే జగ్గయ్యపేట. అది బ్రిటిషు వారి మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లా. ఒక ఊరి పెండ్లికి మరో ఊరివాళ్ళు నడిచివచ్చేంత దగ్గర. కాని రెండువైపులా చట్టాలు వేరు.

బ్రిటిషు ఇండియాలో 1850లోనే పని నేర్చుకొనే పిల్లల గురించి ఒక చట్టం వచ్చింది. పదేండ్లు దాటి పద్దెనిమిది నిండని పిల్లలను, ముఖ్యంగా అనాథలను, బీదలను, ఏడేండ్లు మించకుండా ఒక యజమాని దగ్గర పని నేర్చుకొనేందుకు కాగితం వ్రాసి అప్పగించవచ్చునని దాని సారాంశం. ఆ ఆలోచన ఇంగ్లండు నుంచి వచ్చినది. అక్కడ 1563 నాటి చట్టం ప్రకారం ఏడేండ్లు శిష్యరికం చేయనివాడు ఆ వృత్తి చేయరాదు. ఆ నిబంధన 1814లో రద్దయ్యే వరకు రెండున్నర శతాబ్దాలు నడిచింది.

హద్దుకు ఇవతల మనకు అటువంటి కాగితం లేదు. మనకు ఉన్నది ఉస్తాద్-షాగిర్ద్ సంప్రదాయం. తండ్రి పిల్లవాణ్ణి తీసుకొనిపోయి ఉస్తాదు ముందు నిలబెట్టేవాడు. మిఠాయి పంచేవారు. "మాంసం మీది, ఎముకలు మావి" అని తండ్రి అప్పగింతలు చెప్పేవాడు. అంటే దండించినా అడగము, మనిషిని మాత్రం మాకు దక్కించండి అని అర్థం. ఆ మాట ఈనాడు వింటే ఒళ్ళు జలదరిస్తుంది. అయినా అందులో ఒక నమ్మకం ఉండేది. ఉస్తాదు తన ఇంటి పిల్లవాడిలాగా అన్నం పెట్టేవాడు, పెండ్లి కూడా దగ్గరుండి చేయించేవాడు.

పద్నాలుగో శతాబ్దంలోనే ఇబ్న్ ఖల్దూన్ అనే మహా చరిత్రకారుడు తన "ముఖద్దిమా"లో చేతివృత్తుల గురించి ప్రత్యేకంగా అధ్యాయాలు వ్రాశాడు. చేతిపని మాటలతో అబ్బదు, మళ్ళీ మళ్ళీ చేయగా చేయగా మనిషిలో నిలిచిపోతుంది, దానికి గురువు తప్పనిసరి అని ఆయన వాదన. ఆయన అన్నది మన మిల్లు గదిలో ఈనాటికీ నిజమే. కాని గురువు నేర్పినాడనే సాక్ష్యం ఎవరు ఇవ్వాలి అన్న ప్రశ్న మాత్రం మనకు చాలా ఆలస్యంగా ఎదురైంది.

నిజాం రాజ్యంలో పెద్ద ఆహార పరిశ్రమ అని చెప్పుకోవాలంటే 1937లో బోధన్‌లో నెలకొల్పిన నిజాం షుగర్ ఫ్యాక్టరీయే. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుపొందింది. చక్కెర కర్మాగారంలో పాకం చూసే అతణ్ణి పాన్‌మన్ అంటారు. మరుగుతున్న పాకంలో పలుకు ఎప్పుడు కట్టిందో కంటితో, వేలి కొసతో పసిగట్టడం అతని విద్య. మిల్లు డ్రైవరు విద్యా అటువంటిదే. తేడా ఒక్కటే. పెద్ద ఫ్యాక్టరీలో ఆ విద్యకు ఒక హోదా పేరు, హాజరు పట్టీ ఉంటాయి. ఊరి హల్లరులో ఉస్తాదు నోటిమాట తప్ప ఏదీ ఉండదు. ఆ బోధన్ ఫ్యాక్టరీ కూడా 2015 డిసెంబరులో మూతపడింది. పేరున్న పరిశ్రమే మూతపడగా పేరులేని పనివాడి గతి ఏమిటో ఆలోచించండి.

సాగర్ నీళ్ళు, మిల్లుల వరుస

మన ప్రాంతపు చరిత్రను రెండుగా చీల్చే తేదీ 1967 ఆగస్టు 4. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి ఆ రోజున ఇందిరాగాంధీ గారు కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువకు లాల్ బహదూర్ శాస్త్రి గారి పేరు పెట్టారు. జొన్నలు, ఆముదాలు, కందులు పండిన చెలకల్లోకి నీళ్ళు వచ్చాయి. సరిగ్గా అదే కాలంలో ఐ.ఆర్.8 వంటి పొట్టి వరి రకాలు కూడా వచ్చాయి. జొన్న గటక తిన్న ఇళ్ళలో రెండు పూటలా వరి అన్నం ఉడికింది. పండిన ధాన్యాన్ని ఆడించడానికి మిర్యాలగూడలో, హుజూర్‌నగర్‌లో, కోదాడలో, సూర్యాపేటలో మిల్లుల వరుసలు లేచాయి. ఈనాడు దేశంలో బియ్యపు మిల్లులు ఎక్కువగా కూడి ఉన్న చోట్లలో మిర్యాలగూడ పేరు ముందు చెబుతారు.

ప్రభుత్వం కూడా ఈ పరిశ్రమను ఊరికే వదలలేదు. 1958లోనే రైసుమిల్లుల నియంత్రణ చట్టం వచ్చింది. కొత్త మిల్లుకు పర్మిట్టు, నడపడానికి లైసెన్సు కావలసి వచ్చేది. దంపుడు బియ్యం మీద బతికేవారిని కాపాడాలన్నది కూడా ఒక ఉద్దేశం. ఆ చట్టాన్ని 1997లో ఎత్తివేశారు. 1965లో ఫుడ్ కార్పొరేషన్ ఏర్పడింది. మిల్లర్లు లెవీ బియ్యం ఇవ్వాలి, అందులో నూక శాతం ఇంత, తేమ శాతం ఇంత అని లెక్కలు వచ్చాయి. 1983లో ఎన్.టి. రామారావు గారి కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక ఆ రాకపోకలు ఇంకా పెరిగాయి. 2015లో లెవీ పద్ధతి ముగిసింది గాని, ప్రభుత్వం కొన్న ధాన్యాన్ని ఆడించి ఇచ్చే పద్ధతి ఉన్నది. వంద కిలోల ధాన్యానికి పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి ఇవ్వాలని అందులో లెక్క.

ఈ 67, 68 అన్న అంకెలు చూడటానికి చిన్నవే. కాని ఆ అంకె నిలబడేది మిల్లు డ్రైవరు వేలి కొస మీద. అతడు తప్పు చేస్తే గింజ నూకవుతుంది, మిల్లరు లెక్కలో పడిపోతాడు. ఇంతటి బాధ్యత గల మనిషికి అతని విద్యను తెలిపే కాగితం ముక్క లేదు!

మిల్లులో మెట్లు

మిల్లులో చేరిన కుర్రవాడు మొదట చీపురు పట్టేవాడు. తరువాత ధాన్యం గుంత దగ్గర నిలబడి బస్తాలు విప్పేవాడు. ఆ పైన ఎలివేటర్ బకెట్లలో ఇరుక్కున్న గడ్డి తీయడం, బెల్టు జారితే ఎక్కించడం, బేరింగులకు గ్రీజు పెట్టడం. ఏడాదిన్నర, రెండేండ్లు ఇలా గడిచాక గాని ఉస్తాదు షెల్లరు దగ్గరకు రానిచ్చేవాడు కాదు.

రబ్బరు రోలు షెల్లరులో రెండు రోళ్ళు ఎదురెదురుగా, ఒకటి వేగంగా ఒకటి నెమ్మదిగా తిరుగుతాయి. వాటి నడుమ గింజ నలిగి పొట్టు ఊడుతుంది. సందు బిగిస్తే గింజ విరుగుతుంది. వదులైతే వడ్లు వడ్లుగానే పోతాయి. వేగంగా తిరిగే రోలు త్వరగా అరుగుతుంది కనుక సమయం చూసి రెండింటినీ తారుమారు చేయాలి. ఎప్పుడు మార్చాలో చెప్పే గంట ఏదీ మోగదు. చప్పుడు మారిందని చెవి చెప్పాలి. కింద పడే గింజలను గుప్పిట పట్టి చూస్తే కన్ను చెప్పాలి. ధాన్యంలో తేమ 13, 14 శాతం దగ్గర ఉంటేనే బాగా ఆడుతుంది. యంత్రం లేని రోజుల్లో గింజను పంటికింద కొరికి ఆ తేమను చెప్పేవారు. టక్కున విరిగితే ఒక లెక్క, మెత్తగా నలిగితే ఒక లెక్క.

ఆపైన పాలిషరు. కోను మీద ఎమెరీ పూత అరిగిపోతే మళ్ళీ పూయాలి. ఎమెరీ పొడిని ఏ పాళ్ళలో కలపాలి, ఎంతసేపు ఆరనివ్వాలి అన్నది పెద్ద రహస్యం. కొందరు ఉస్తాదులు ఆ పాళ్ళు కలిపేటప్పుడు షాగిర్దును చాయ్ తెమ్మని బయటకు పంపేవారట! ఒక ముసలి డ్రైవరు చాచా నవ్వుతూ మాకు చెప్పాడు: "మాస్టర్ సాబ్, నేను మూడేండ్లు చాయ్ తెచ్చిన. నాలుగో ఏడు గ్లాసులు కింద పెట్టి కిటికీల నుంచి చూసిన. అట్ల నేర్చుకున్న." నవ్వు వచ్చే మాటే, కాని ఆలోచిస్తే బాధ కలుగుతుంది. నేర్పాలన్న కట్టుబాటు ఉస్తాదుకు లేనప్పుడు పిల్లవాడు కిటికీ నుంచే నేర్చుకోవాలి.

ఆ చాచా కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. బెల్టు లాగేసింది. అప్పటికి ఆయన వయసు పదహారు. ఏ మిల్లు అన్నది ఇప్పుడు అనవసరం; హాజరు పట్టీలో ఆయన పేరు లేదు కనుక నష్టపరిహారం అన్న మాటే రాలేదు. సేటు ఆసుపత్రి ఖర్చు పెట్టుకున్నాడు, పండుగకు బట్టలు పెట్టాడు. చాచా దానికే కృతజ్ఞతగా నలభై ఏండ్లు అక్కడే పనిచేశాడు. హక్కు లేని చోట దయే హక్కులాగా కనబడుతుంది.

బాయిలరు చెప్పే పాఠం

ఇదే మిల్లు ఆవరణలో ఒక మూల మరో కథ నడిచింది. అది ఉప్పుడు బియ్యం కథ. పాత పద్ధతిలో ధాన్యాన్ని చన్నీళ్ళలో రెండు మూడు రోజులు నానబెట్టేవారు, వాసన వచ్చేది. 1950లో మైసూరులో స్థాపించిన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ వారు వేడినీళ్ళ పద్ధతి రూపొందించారు. సుమారు 70 డిగ్రీల వేడినీటిలో మూడు నాలుగు గంటలు నానబెట్టి ఆవిరి పట్టి ఎండబెడితే వాసన ఉండదు, గింజ గట్టిపడి నూక తగ్గుతుంది. ఆవిరి కావాలంటే బాయిలరు కావాలి. పొయ్యిలోకి మన మిల్లు ఊకే కట్టె.

బాయిలరు దగ్గర మాత్రం ఎవరు పడితే వారు నిలబడటానికి లేదు. బాయిలరు పేలితే ప్రాణాలు పోతాయి. అందుకని 1923 నాటి చట్టం కాలం నుంచీ బాయిలరును పరీక్ష పాసైన మనిషి చేతికే అప్పగించాలన్న నియమం ఉన్నది. రెండో తరగతి సర్టిఫికెట్టు, మొదటి తరగతి సర్టిఫికెట్టు అని మెట్లు ఉన్నాయి. ఫైర్‌మన్‌గా ఇంతకాలం పనిచేశాడని యజమాని వ్రాసి ఇవ్వాలి. అధికారులు నోటితో ప్రశ్నలు అడుగుతారు: నీటిమట్టం ఎంత ఉండాలి, సేఫ్టీ వాల్వు ఎందుకు, మట్టం పడిపోతే ముందు ఏం చేయాలి?

మా ఎరుకలో ఒకే వాడకట్టు నుంచి ఇద్దరు కుర్రవాళ్ళు ఒకే కాలంలో మిల్లు పనికి పోయారు. ఒకడు పాలిషరు దగ్గర చేరాడు, ఒకడు బాయిలరు దగ్గర చేరాడు. ఇద్దరూ చురుకైనవాళ్ళే. తొమ్మిదేండ్ల తరువాత చూస్తే బాయిలరు పిల్లవాడు పరీక్ష పాసై వేరే రాష్ట్రంలో పెద్ద కర్మాగారంలో నెల జీతానికి కుదిరాడు. పాలిషరు పిల్లవాడు అంతకన్నా మంచి పనిమంతుడు. యంత్రం విప్పి మళ్ళీ బిగించగలడు. అతడు కూడా పెద్ద సంస్థకు దరఖాస్తు పెట్టుకున్నాడు. "సర్టిఫికెట్టు ఏది?" అని అడిగారు. "తొమ్మిదేండ్లు చేసిన సార్" అన్నాడు. "హెల్పరుగా వస్తావా?" అన్నారు. ఇంటికి తిరిగివచ్చి మా ముందు కూర్చొని, "సార్, నా చేతులు చూపించినా చూడలేదు" అన్నాడు. ఆ మాట మాకు ఈనాటికీ నిద్రపట్టని మాటగా మిగిలిపోయింది. తెలివిలో తేడా లేదు, కష్టంలో తేడా లేదు. తేడా అంతా ఒక్క కాగితంలో ఉన్నది.

1961 చట్టం ఎందుకు మన గల్లీకి రాలేదు?

అట్లాంటి కాగితం కోసమే 1961లో మన పార్లమెంటు అప్రెంటిస్ చట్టం చేసింది. 1962 మార్చి నుంచి అమలులోకి వచ్చింది. పద్నాలుగేండ్లు నిండినవాడే చేరాలి. మైనరైతే తల్లిదండ్రులో సంరక్షకుడో సంతకం పెట్టాలి. యజమానికీ అప్రెంటిస్‌కూ మధ్య వ్రాతపూర్వక ఒప్పందం ఉండాలి, అది సర్కారు వద్ద నమోదు కావాలి. శిక్షణకు కాలపరిమితి ఉండాలి, నెలనెలా స్టైపెండు ఇవ్వాలి. పనిలో దెబ్బ తగిలితే కార్మికుడికి లాగానే పరిహారం ఇవ్వాలి. శిక్షణ ముగిశాక పరీక్ష, ఆపైన సర్టిఫికెట్టు. అదే కనుక ఆనాడు అమలైతే మా చాచా రెండు వేళ్ళకూ ఒక లెక్క ఉండేది, మూడేండ్ల చాయ్‌కీ ఒక లెక్క ఉండేది.

మరి ఎందుకు అమలు కాలేదు? మాకు తోచిన కారణాలు ఇవి. మొదటిది, ఆ చట్టం పెద్ద కర్మాగారాలను దృష్టిలో పెట్టుకొని చేసినది. ఫిట్టరు, టర్నరు, వెల్డరు, ఎలక్ట్రీషియను వంటి పేర్లలో మన మిల్లు డ్రైవరు ఇమడలేదు. రెండవది, మిల్లు పని సీజను పని. వానాకాలం పంట, యాసంగి పంట వచ్చినప్పుడు రాత్రింబగళ్ళు. మిగతా రోజుల్లో తాళం. ఏడాది పొడుగునా శిక్షణ అంటే మిల్లరు వెనుకాడాడు. మూడవది, తప్పు మనది. మనం అడగలేదు. మన పిల్లవాడి పేరు పట్టీలో ఉన్నదా అని అడిగితే సేటు ఏమనుకుంటాడో అన్న మొహమాటం. అడగకుండానే మూడు తరాలు గడిచాయి.

ఈ కష్టం రైసుమిల్లుకే పరిమితం కాదు. మన రోడ్డు హైదరాబాదుకు పోయే జాతీయ రహదారి. మిల్లులో నిలదొక్కుకోలేని మన పిల్లలు ఆ బస్సెక్కి పట్నం బేకరీలలో చేరారు. హైదరాబాదు బేకరీకి పెద్ద చరిత్ర ఉన్నది. సింధు ప్రాంతం నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ పెట్టారు. ఏడో నిజాం పేరు మీదుగా ఉస్మానియా బిస్కెట్టు లోకమంతా పేరుపొందింది. ఆ బిస్కెట్టును చాయ్‌లో ముంచేవారికి భట్టీ ముందు నిలబడిన మనిషి జ్ఞాపకం రాడు. బేకరీలోనూ అవే మెట్లు: ముందు ట్రేలు కడగడం, తరువాత మైదా జల్లించడం, ఆపైన పిండి పిసకడం, ఖమీరు చూడటం, అన్నిటికన్నా చివర భట్టీ. పిండి పొంగిందా లేదా అని వేలితో నొక్కి చెప్పేవాడు ఉస్తాదు. ఆ ఉస్తాదుల్లో ఎంతమంది దగ్గర తమ విద్యకు కాగితం ఉన్నది? గల్ఫు వీసా కోసం బొంబాయి పోయినప్పుడు గాని ఆ కొరత తెలిసిరాలేదు.

ఈనాడు ఏం మారింది?

మిల్లు మారింది. 1986లో బాపట్ల పరిశోధనా స్థానం విడుదల చేసిన బి.పి.టి. 5204 తరువాత జనం సన్నబియ్యానికి అలవాటుపడ్డారు. మల్లెపూవు లాంటి తెలుపు కావాలి, ఒక్క నల్లగింజ ఉండరాదు. అందుకని రంగును బట్టి గింజను ఏరే సార్టెక్స్ యంత్రాలు వచ్చాయి. ఇంతకు ముందు చేటలో ఏరిన పనిని ఇప్పుడు కెమెరా కన్ను చేస్తున్నది. దాని ముందు కూర్చొనేవాడికి తెరమీద అంకెలు చదవడం రావాలి. చెవితో చప్పుడు వినే విద్యకు పక్కన ఈ కొత్త విద్య వచ్చి చేరింది.

మనుషులూ మారారు. మన మిల్లుల్లో బస్తాలు మోసేవారిలో ఇప్పుడు బీహారు సోదరులు ఎక్కువ. 2020లో లాక్‌డౌను కాలంలో ఇక్కడి వలస కూలీలు ఇళ్ళకు పోతుంటే, మే నెల 8న బీహారులోని ఖగడియా నుంచి రెండు వందల పైచిలుకు హమాలీలు ప్రత్యేక రైలులో లింగంపల్లి దిగారు. మన రాష్ట్రపు మిల్లుల పని కోసమే వారిని రప్పించారు. పనిలేదని మనవాళ్ళు అంటున్న ఊళ్ళకే అంతదూరం నుంచి పనికోసం వస్తున్నారు. వారిని నిందించడానికి ఇది వ్రాయడం లేదు. వారి పిల్లల గతి కూడా మన పిల్లల గతే. బరువు మోసే పనికి ఎవరైనా దొరుకుతారు. యంత్రం తెలిసినవాడు దొరకడు. మన పిల్లవాడు ఆ రెండో జాబితాలో ఉండాలన్నదే మా ఆరాటం.

చట్టం కూడా మారింది. 2014లో అప్రెంటిస్ చట్టాన్ని సవరించారు. 2016 ఆగస్టులో జాతీయ అప్రెంటిస్ ప్రోత్సాహక పథకం వచ్చింది; స్టైపెండులో కొంత భాగం కేంద్రమే భరిస్తానన్నది. 2019 నిబంధనల్లో ముప్పై మంది, అంతకు మించి పనిచేసే సంస్థ అప్రెంటిస్‌లను పెట్టుకోవడం తప్పనిసరి చేశారు. నలుగురి నుంచి ఇరవై తొమ్మిది మంది వరకు ఉన్న చిన్న సంస్థకు అది ఐచ్ఛికం. అంటే మన చిన్న మిల్లుకు కూడా తలుపు తెరిచారు. ఆహార పరిశ్రమల నైపుణ్య మండలి "గ్రెయిన్ మిల్ ఆపరేటర్" అనే పేరుతో ఒక అర్హతను రూపొందించింది. మా చాచా చేసిన పనికి ఇన్నేళ్ళకు ఒక పేరు దొరికింది! 2015లో మొదలైన కౌశల్ వికాస్ యోజనలో, ఇదివరకే పని నేర్చినవాణ్ణి పరీక్షించి గుర్తింపు ఇచ్చే పద్ధతి పెట్టారు. ఐ.టి.ఐ. కోర్సులలో బేకరీ పని కూడా ఉన్నది.

జర్మనీ దేశంలో రొట్టెలు చేసే కుర్రవాడు వారంలో కొన్నాళ్ళు బేకరీలో, కొన్నాళ్ళు బడిలో ఉంటాడు. 1969లో చేసిన వృత్తి శిక్షణ చట్టం ఆ రెండింటినీ కట్టివేసింది. అక్కడ ఉస్తాదు ఉన్నాడు, కాగితమూ ఉన్నది. మనకు ఉస్తాదు ఉన్నాడు. కాగితమే ఇంకా మన గల్లీ చేరలేదు.

మా మనవి

మన పిల్లలు ఇంగ్లీషు మాటలకు జంకి ఐ.టి.ఐ. వైపు పోరు. వారితో మేము ఒక మాట చెబుతుంటాము. మిల్లులోకి పోయి చెవి పెట్టి వినండి. బస్తా అన్నది ఫార్సీ మాట. హమాలీ అరబ్బీ నుంచి వచ్చింది. నమూనా, రసీదు, గుమస్తా, దలాలు, అన్నీ మన ఉర్దూలోనూ ఉన్నాయి, తెలుగులోనూ ఉన్నాయి. ఇన్ని మాటలు ముందే వచ్చినవాడికి షెల్లరు, పాలిషరు అన్న నాలుగు మాటలు రావా?

చివరగా అందరికీ మా మనవి ఇది. తల్లిదండ్రులారా, పిల్లవాణ్ణి పనిలో పెట్టేనాడు జీతం ఎంత అని అడగడంతో సరిపెట్టకండి. పేరు పట్టీలో వ్రాస్తారా, ఎన్నాళ్ళకు ఏ పని నేర్పుతారు అని కూడా అడగండి. మర్యాదగా అడిగితే ఎవరూ కోపగించుకోరు. మిల్లర్ సోదరులారా, మీ దగ్గర పదేండ్లు చేసిన డ్రైవరుకు మీ లెటర్‌హెడ్ మీద నాలుగు వాక్యాలు వ్రాసి ఇవ్వండి. ఏ ఏడు చేరాడు, ఏ యంత్రం నడిపాడు అన్నది చాలు. మీకు ఖర్చయ్యేది ఒక కాగితం, అతనికి దక్కేది ఒక జీవితం. ఉస్తాదులారా, ఎమెరీ పాళ్ళు కలిపేనాడు పిల్లవాణ్ణి చాయ్‌కు పంపకండి. మన సంఘం వారు ఒక రిజిస్టరు తెరిచి, మన వాడల్లో మిల్లు పని, బేకరీ పని, బాయిలరు పని తెలిసినవారి పేర్లు వ్రాసి, ఏడాదికి ఒకసారి నైపుణ్య పరీక్షకు పంపితే అంతకు మించిన సేవ లేదు. దరఖాస్తులు నింపే పని, ఫారాలు చదివి చెప్పే పని మా ఉపాధ్యాయులకు వదిలిపెట్టండి. ఆదివారాలు మేము ఖాళీయే.

ఆ పాలిషరు కుర్రవాడు ఇంకా మన మిల్లులోనే ఉన్నాడు. వయసు మించలేదు. ఈ సావనీర్ అచ్చయ్యేలోగా అతని దరఖాస్తు నింపాలని మొన్న అతన్ని మా ఇంటికి పిలిపించాము. పేరు, తండ్రి పేరు, చదువు వరకు గబగబా చెప్పాడు. "అనుభవం" అన్న గడి దగ్గర ఆగి, "ఇక్కడ ఏం రాయాలె సార్?" అన్నాడు. "నువ్వు చేసిందంతా రాయి" అన్నాము. గడి చాలలేదు. వెనుక పేజీ కూడా నింపాడు.